రేకుడబ్బా కాఫీయా, ఇంట వేయించిన కాఫీయా?

మన సంఘ సభ్యులలో కాఫీతోట గల యొకరు గతమాసమున మా కార్యాలయమునకు ఒక రేకుడబ్బా తెచ్చి బల్లపై నుంచిరి. అందు పరదేశమున వేయించి పంపిన ఎస్ప్రెస్సో గింజలున్నవి. “మన తోటలో గింజ కాయుచుండగా దీనిని కొనుట తగునా? ఇంట వేయించుకొన్న కాఫీ దీనికి తీసిపోవునా?” యని వారు మమ్మడిగిరి. ఈ ప్రశ్న నాలుక రుచికి మాత్రమే సంబంధించినది కాదు. రైతు రాబడికిని సంబంధించినది. కావున మా యభిప్రాయము నిచ్చట విన్నవించుచున్నాము.

మొదట నొక భ్రమను తొలగింపవలెను. ఎస్ప్రెస్సో యనునది గింజజాతి పేరు కాదు, కాఫీ తీయు పద్ధతి పేరు. మెత్తగా విసరిన పొడిని అదిమి, మిక్కిలి వేడినీటిని వాతావరణపు ఒత్తిడికి సుమారు 9 రెట్ల ఒత్తిడితో, 25, 30 సెకండ్లలో దాని గుండ నడుపుటయే ఆ పద్ధతి. ఇటలీ దేశమున మిలాను నగరమందు 1901 ప్రాంతమున బెజ్జెరా యను నతడు ఆవిరి యంత్రము నిర్మించినది మొదలు ఇది ప్రబలెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము గాజ్జా మీటయంత్రములు వచ్చినపిదప గిన్నెపై బంగారువన్నె నురుగు కట్టుట వాడుకయయ్యెను. డబ్బాపై ఎస్ప్రెస్సో యని వ్రాసినంతమాత్రమున లోనిగింజ వేరొక చెట్టున కాచినది కాదు. ఆ పద్ధతికి తగినట్లు వేయించినదని మాత్రమే భావము.

ఇక గింజ స్వభావము చూతము. పచ్చిగింజను తేమ నూటికి 11 పాళ్ల ప్రాంతమునకు వచ్చువరకు ఆరబెట్టి, చల్లని పొడిచోట నిల్వచేసినచో నెలలకొలది చెడదు. వేగిన గింజ అట్టిది కాదు. గాదెలోని వడ్లకును విసరిన పిండికిని గల భేదమే యిచ్చట గలదు. వేగునప్పుడు పుట్టిన బొగ్గుపులుసు గాలి దినములకొలది గింజనుండి వెలికి వచ్చుచుండును. ఎస్ప్రెస్సో నురుగునకు ఈ గాలియే మూలము. మరియొక ప్రక్క గాలిలోని ఆమ్లజని గింజలోని నూనెలను, సువాసనలను చెరచును. గింజలో వారములు పట్టు ఈ చెరుపు పొడిలో గంటలలో జరుగును.

ఈ చెరుపును ఆపుటకే డబ్బా పుట్టినది. దానిని నిందించుట న్యాయము కాదు. 1900లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు హిల్స్ సోదరులు గాలి తీసివేసిన డబ్బాలలో కాఫీ నమ్మిరి. 1933లో ఇటలీయందలి ట్రియెస్తె పట్టణమున సంస్థ స్థాపించిన ఫ్రాన్సెస్కో ఇల్లీ, గాలికి బదులు జడవాయువును ఒత్తిడితో నింపు విధానమును తెచ్చెను. ఇట్లు మూసిన గింజ చాలకాలము సువాసన నిలుపుకొనుట నిజము. కాని మూత తెరచిన క్షణముననే ఆ రక్ష తీరిపోవును. అటుపిమ్మట డబ్బాగింజయు మనగింజయు సమానమే. పైగా పలు డబ్బాలపై ఎంతకాలములోపల వాడవలెనో యుండును గాని, ఏ దినమున వేయించిరో యుండదు. కొనువానికి ముఖ్యముగా తెలియవలసినది అదియే.

ఇంట వేయించుట కష్టము కాదు, శ్రద్ధ వలయును. పావుకిలో మించని పచ్చిగింజలను దళసరి ఇనుపమూకుటిలో వేసి, మధ్యరకపు సెగపై ఎడతెగక త్రిప్పవలెను. గింజ పసుపువన్నెకు తిరిగి, 200 డిగ్రీల ప్రాంతమున పేలాలవలె చిటపటలాడును. మరికొంతసేపటికి రెండవ చిటపట సన్నగా వినవచ్చును. ఫిల్టరు కాఫీకి ఈ రెంటి నడుమను, ఎస్ప్రెస్సోకు రెండవది ఆరంభమగుచుండగను దింపవచ్చును. వెంటనే చేటలో పోసి చెరిగినచో పొట్టు పోయి గింజ చల్లారును. వేయించిన దినముననే ఎస్ప్రెస్సో తీయరాదు. గాలి యధికమై నురుగే మిగులును. సుమారు వారము నిలువ నుంచి వాడవలెను.

ఒక సభ్యుని యింటగల చిన్నయంత్రముపై మేము రెంటిని సరిచూచితిమి. మా మొదటి వాయి కొంత మాడినది, కొంత పచ్చిగా మిగిలినది. ఆ దినము నిస్సంశయముగా డబ్బాయే గెలిచినది. మూడువారముల పిదప, సరిగా వేయించి ఆరుదినములుంచిన గింజను, అప్పటికి తెరచియున్న ఆ డబ్బాగింజను మరల పోల్చితిమి. ఈమారు డబ్బాకాఫీపై నురుగు పలుచనై వాసన సన్నగిల్లినది; మన గింజయే గెలిచినది. ఇంటికాఫీ యైనంత మాత్రమున మంచిది కాదు, డబ్బాకాఫీ యైనంత మాత్రమున చెడ్డది కాదు. వేయించువాని నేర్పును, వేయించిన దినమును రుచిని నిర్ణయించును.

ఇప్పుడు రైతు సంగతి. సుమారు 6 కిలోల అరబికా పండ్లనుండి 1 కిలో పచ్చిగింజ వచ్చును. అది వేగినపిదప 840 గ్రాముల ప్రాంతమున తూగును. గిన్నెకు 7 గ్రాముల చొప్పున 120 గిన్నెల కాఫీ యగును. 6 కిలోల పండ్లకు మనకు చేతికి వచ్చిన దెంత, పట్టణమున 120 గిన్నెలకు వసూలగున దెంత? ప్రతి సభ్యుడును ఇంటికడ లెక్క వేసి చూచుకొనవలెను. నడిమి లాభమంతయు గింజను వేయించి, విసరి, కాచి యిచ్చువారి పాలగుచున్నది.

అరకు, పాడేరు, చింతపల్లి మన్యపు గింజకు పేరు లేకపోలేదు. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడినది. అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2017లో పారిసు నగరమున అరకు పేరుతో కాఫీదుకాణమే వెలసినది. పేరు వచ్చినది, ఆ పేరు ఫలము పండించినవాని యింటికి చేరవలెను.

కావున మా సూచన యిది. సంఘము ఒక చిన్న వేయింపుయంత్రమును సమకూర్చి, ఒకరిద్దరు యువసభ్యులకు ఆ పని నేర్పింపవలెను. వారమునకొకసారి కొద్దికొద్దిగా వేయించి, ప్రతి సంచిపై వేయించిన తేదీని ముద్రింపవలెను. చికోరి కలిపినచో ఎన్నిపాళ్లో దాచక తెలుపవలెను. తన గింజ రుచి తానెరుగని రైతు దాని వెలను వర్తకుని నోటనే వినవలసివచ్చును. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు దెత్తురుగాక యని కోరుచున్నాము.