పేర్లు పెరుగుతున్నాయి సరే, కమిటీ ఎవరిది?



ఈ మధ్య మా గూడెంలో ఒక మంచి మార్పు కనిపిస్తోంది. అడవిని కాపాడుకోవడానికి పెట్టుకున్న కమిటీలో మొదట్లో పది మంది కూడా లేము. ఇప్పుడు డిగ్రీ చదివే తమ్ముళ్లు, పట్నంలో పని మానేసి ఇంటికొచ్చిన కుర్రాళ్లు, ఇంటర్ చెల్లెళ్లు కూడా వచ్చి పేరు రాయించుకుంటున్నారు. పక్క గూడేల వాళ్లు "మా దగ్గర కూడా పెడదాం, ఎలా పెట్టాలో చెప్పండి" అని అడుగుతున్నారు.

సంతోషమే. కానీ మొన్న రిజిస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే మా వీధి అవ్వ ఒకావిడ అడిగిన మాట నన్ను ఆపేసింది. "ఒరే, పేరైతే రాయమంటన్నావ్. ఇంతకీ ఈ కమిటీ గూడెందా, ఫారెస్టోళ్లదా?"

నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. అవ్వ ఊరికే అడగలేదు. ఇలాంటి రిజిస్టర్‌ను ఆమె ఇంతకుముందే ఒకసారి చూసింది.

1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి అటవీ యాజమాన్యం వచ్చింది. ఊరూరా వన సంరక్షణ సమితులు, అంటే మనం వీఎస్ఎస్ అని పిలిచేవి, పెట్టారు. 2002లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో సామాజిక అటవీ యాజమాన్యం అని పేరు మార్చారు. అప్పుడు కూడా సభ్యులు బాగా పెరిగారు. మా అవ్వలాంటి వాళ్లు కందకాలు తవ్వారు, గుంతలు తీశారు, మొక్కలు నాటారు. కూలి వచ్చింది, కాదనను. చాలా చోట్ల అడవి పచ్చబడింది కూడా. కానీ ఏ మొక్క నాటాలి, ఎక్కడ నాటాలి అన్నది ఎక్కువ చోట్ల పైనుంచే వచ్చేది. చాలా గూడేల్లో మన పోడు భూముల్లోనే మొక్కలు నాటించారు, అదీ మన చేతులతోనే! ప్రాజెక్టు డబ్బు అయిపోయాక ఎన్నో సమితులు కాగితం మీదే మిగిలాయి.

అంతకంటే పెద్ద మోసం తర్వాత జరిగింది. అటవీ హక్కుల చట్టం వచ్చాక గ్రామసభకు రావాల్సిన సామూహిక హక్కు పత్రాలను చాలా చోట్ల వీఎస్ఎస్‌ల పేరుతో ఇచ్చారు. ఊరి పేరు మీద ఉండాల్సిన హక్కు ప్రాజెక్టు కమిటీ పేరు మీదకు పోయింది.

కాబట్టి ఎంతమంది చేరారు అన్నది రెండో ప్రశ్న. ఎవరి కమిటీలో చేరారు అన్నదే మొదటి ప్రశ్న.

చట్టం ఏం చెబుతోంది? మన దగ్గర ఆర్ఓఎఫ్ఆర్ అంటే పోడు పట్టా అనే అనుకుంటాం. 2006 చట్టంలో పట్టా ఒక భాగం మాత్రమే. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు కూడా అందులోనే ఉంది. అది సెక్షన్ 3(1)(ఐ). అడవిని, జంతువులను, నీటి వనరులను కాపాడే అధికారం సెక్షన్ 5లో ఉంది. దాన్ని అమలు చేయడానికి గ్రామసభ తన సభ్యుల నుంచే కమిటీ వేసుకోవాలని రూల్ 4(1)(ఇ) చెబుతోంది. ఆ కమిటీ తయారుచేసే ప్రణాళిక మీద, దాని నిర్ణయాల మీద అదుపు గ్రామసభదే అని 2012 సవరణ ఇంకా స్పష్టంగా చెప్పింది.

అంటే ఏంటి? పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ గ్రామసభలో ఇప్పటికే సభ్యులే. ఫీజు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కమిటీ అనేది ఆ సభకు చెయ్యి లాంటిది. సభ లేకుండా కమిటీ ఒక్కటే పెరిగితే అది మళ్లీ ఇంకొకళ్ల చెయ్యే అవుతుంది.

మన పక్కనే గడ్చిరోలి జిల్లాలో మెంధా లేఖా అనే గోండు ఊరు ఉంది. వంద చిల్లర ఇళ్లు, అంతే. కానీ ఏ నిర్ణయమైనా అందరూ కూర్చుని, అందరూ ఒప్పుకున్నాకే. 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు సాధించారు. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. నియమగిరిలో 2013లో గ్రామసభలు పెట్టింది పన్నెండు ఊళ్లలోనే. పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. గని ఆగింది. అక్కడ గెలిపించింది జనం లెక్క కాదు, కూర్చుని మాట్లాడుకున్న సభ.

ఇప్పుడు మన తప్పులు కూడా మాట్లాడుకుందాం. ఇప్పపువ్వు ఏరడం సులువని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టేది ఎవరు? ఉసిరికాయ కోసం కొమ్మకు కొమ్మే నరికేది ఎవరు? అన్నీ బయటివాళ్ల మీద వేసేస్తే అబద్ధం అవుతుంది. అడవి మాది అన్న నోటితోనే ఈ నిప్పు మాది అని కూడా ఒప్పుకోవాలి. ఎండాకాలానికి ముందే ఇప్పచెట్ల కింద ఊడ్చుకోవడం, గట్టు మీద నిప్పు దాటకుండా బాట చెక్కుకోవడం, ఏ కాయ ఎప్పటి నుంచి కోయాలో సభలో తేల్చుకోవడం, ఇవీ సభ్యుడి పనులు. గ్రూపులో చేరి మొక్కతో ఫోటో పెడితే సభ్యత్వం అయిపోదు.

కొత్తగా చేరే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట ఇది. ముందు కమిటీని గ్రామసభ తీర్మానంలో రాయించండి. ఆ సభకు ఊరి పెద్దవాళ్లలో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అది చట్టం. కాబట్టి వాళ్లు అడవికి వెళ్లే పొద్దున పూట మీటింగ్ పెట్టి "ఆడవాళ్లు రాలేదు" అనకండి. సాయంత్రం పెట్టండి. దుంప తవ్వినా తీగ బతకాలంటే ఏం చేయాలో, అడ్డాకు ఎంత కోయాలో వాళ్లకు తెలిసినంత మనకు తెలీదు. ముసలోళ్లతో కలిసి సరిహద్దు నడిచి రాసుకోండి. పక్క గూడెంతో ఉమ్మడిగా వాడుకునే చోటు ఉంటే వాళ్లను పిలిచే గీత గీయండి.

ఇంకొకటి. ఈ కమిటీ మన పోడు రైతు మీద కాపలా పోలీసు కాకూడదు. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవాళ్లను ఖాళీ చేయించకూడదని చట్టంలో సెక్షన్ 4(5) ఉంది. ఆ పనికి మన పిల్లల్ని వాడుకోనివ్వొద్దు. అంటే ఫారెస్టు వాళ్లతో మాట్లాడొద్దని కాదు. కలప దొంగలు పడినప్పుడు, పెద్ద మంట లేచినప్పుడు వాళ్ల సాయం కావాలి. అడుగుదాం. కానీ మనం పిలిస్తే వచ్చే సాయంగా ఉండాలి, మన మీద పెత్తనంగా కాదు.

ఆ రోజు అవ్వ పేరు రాయలేదు. రిజిస్టర్ మూసేసి వచ్చేశాను. వచ్చే గ్రామసభలో తీర్మానం పెడుతున్నాం. అది పాసయ్యాక మళ్లీ అవ్వ ఇంటికి వెళ్తాను. "గూడెందే అవ్వా" అని చెప్పగలిగిన రోజే పేరు అడుగుతాను.

మీ గూడెంలో కూడా ముందు ఆ జవాబు సిద్ధం చేసుకోండి. పేర్లు వాటంతటవే వస్తాయి.

జల్, జంగల్, జమీన్ మనవే. వాటిని కాపాడే బాధ్యతా మనదే.

జై ఆదివాసీ!