రెండవ కూర్పు

పోయిన నెల యీ శీర్షిక ఎందుకు రాలేదని జెడ్డా నుంచి ఇద్దరు, యాన్బూ నుంచి ఒకరు ఫోను చేసి అడిగారు. ముగ్గురైనా చదువుతున్నారని తెలిసి సంతోషించాము. సంగతేమంటే, మేము ఎనిమిది నెలలుగా ఆస్పత్రి డ్యూటీ దిగి యింటికి రాగానే సోవియట్ రాకెట్ల మధ్య కూర్చుంటున్నాము. రాబిగ్‌లో సాయంత్రాలు సముద్రపు గాలికి తిరగవలసిన మనిషి గది తలుపు వేసుకుని రష్యను పేర్లకు తెలుగు స్పెల్లింగులు రాసుకుంటూ వుంటే మా ఆవిడకు విసుగు రావడంలో వింత లేదు.

2017లో, చేతిలో మొదటి జీతాలు పడుతున్న రోజుల్లో, సోవియట్ అంతరిక్ష రాకెట్ల చరిత్ర మీద 96 పుటల చిన్న కరదీపిక ఒకటి సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నాము. 500 ప్రతులు. అప్పటికి మాకు పెళ్ళి కాలేదు గనుక అడ్డు చెప్పేవారు లేకపోయారు. నూట ఎనభై అమ్ముడయ్యాయి, కొన్ని పంచిపెట్టాము. మిగిలినవి యింటి దగ్గర అటక మీద వున్నాయి. దానికి ఆధారమంతా నాన్నగారి ట్రంకుపెట్టె. నాన్నగారు హైస్కూల్లో సైన్సు మేష్టారు. ‘సోవియట్ భూమి’ పత్రికలోని నున్నటి కాగితాలు అందరి యిళ్ళలోనూ పిల్లల నోటుపుస్తకాలకు అట్టలయ్యేవి. మా యింట్లో మాత్రం కత్తిరించి, తేదీ వేసి, దారంతో కుట్టిన కట్టలయ్యాయి. మాకు అక్షరాలు వచ్చేనాటికి ఆ దేశమే లేదు. అయినా గగారిన్ ముఖం మా తాతగారి ముఖమంత తెలుసు.

పుస్తకం వచ్చిన ఆర్నెల్లకు నెల్లూరు నుంచి ఒక పెద్దమనిషి వుత్తరం రాశారు. మొదట మెచ్చుకున్నారు. తర్వాత యిలా వుంది: “41వ పుటలో మార్షల్ నెడెలిన్ విమాన ప్రమాదంలో మరణించాడన్నారు. అది 1960లో వాళ్ళ ప్రభుత్వం చెప్పిన మాట. 2017లో మీరు చెప్పవలసిన మాట కాదు.” ఆ వుత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదంటే అతిశయోక్తి కాదు. పాత కేసుషీటులో వున్న రోగనిర్ణయాన్ని, రోగిని ముట్టుకోకుండా, అలాగే దించి రాసిన డాక్టరు పరిస్థితి మాది.

జరిగిందేమిటంటే: 1960 అక్టోబరు 24న బైకనూర్‌లో ఆర్-16 అనే క్షిపణి మొదటి ప్రయోగానికి నిలబెట్టి వుంది. ఇంధనం నింపేశారు. లోపం కనబడితే, ఖాళీ చేయకుండా, మనుషుల్ని దానిచుట్టూ పెట్టి మరమ్మతు మొదలుపెట్టారు. నెడెలిన్ దగ్గరలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. రెండో అంచె ఇంజను ముందే అంటుకుంది, కింది అంచె పేలిపోయింది. రాకెట్టు నిర్మాత యాంగెల్ సిగరెట్టు కాల్చుకోవడానికి లోపలికి వెళ్ళినందువల్ల బ్రతికాడు. (మా పేషెంట్లకు యీ సంగతి చెప్పకండి.) నత్రికామ్లం కలిసిన ఆక్సీకారకం, హైడ్రజీన్ జాతి ఇంధనం – మంట తప్పించుకున్నవాణ్ణి పొగ పట్టుకుంటుంది. రాబిగ్ పరిశ్రమల వూరు. రసాయనాలతో కాలిన చర్మం ఎలా వుంటుందో మాకు పుస్తకాల్లో చూడనక్కర్లేదు. ఆ పుట తిరగరాస్తున్నంతసేపూ మా ఎమర్జెన్సీ గదే కళ్ళముందు ఆడింది.

ఇదంతా సోవియట్ పత్రికల్లో బయటపడింది 1989లో. మృతుల సంఖ్య నేటికీ ఒక చోట 74, మరో చోట 92, ఇంకో చోట 126. ఏదో ఒకటి వెయ్యండి, పాఠకుడు తికమక పడతాడన్నారు మిత్రులు. మేము మూడూ వేశాము.

మరమ్మతు అక్కడితో ఆగలేదు, ఒక అబద్ధం లాగితే పక్కది కదిలింది. గగారిన్ నౌకలో కాక వేరుగా పారాచ్యూట్‌తో దిగాడన్నది మొదటి కూర్పులో లేదు. కొరోల్యోవ్ పేరు 1966 జనవరిలో ఆయన పోయేదాకా లోకానికి తెలియదన్నది వుంది గాని, ఎలా పోయాడో లేదు. స్వయంగా ఆరోగ్యమంత్రి పెత్రోవ్‌స్కీ చేసిన ఆపరేషనులో! చిన్న పాలిప్ అనుకుని కడుపు కోస్తే పెద్ద కంతి కనబడింది. ఖైదులో విరిగిన దవడ వల్ల గొట్టం దింపడం కష్టమైందని చెప్పుకుంటారు. వైద్యులం కనుక దీనికి మూడు పుటలు ఎక్కువే యిచ్చాము, క్షమించాలి.

అసలు పెరిగింది ఎన్-1 అధ్యాయం. చంద్రుడిమీదికి మనిషిని పంపడానికి కట్టిన 105 మీటర్ల రాకెట్టు, మొదటి అంచెలోనే 30 ఇంజన్లు. 1969 నుంచి 1972 వరకు నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ పోయింది. రెండోసారి, 1969 జూలై 3న, లేచిన వేదిక మీదే కూలింది. సరిగ్గా 13 రోజులకు అమెరికావారి అపోలో-11 బయలుదేరింది. నాన్నగారి కట్టల్లో దీని ఊసే లేదు. ఉండడానికి వీల్లేదు, 1989 వరకు అలాంటి రాకెట్టు వున్నట్టే ఒప్పుకోలేదు.

నెల్లూరు పెద్దమనిషి వుత్తరంలో చివరి వాక్యం మమ్మల్ని ఎక్కువ పని చేయించింది: “ఎన్-1 ముక్క ఒకటి మా పక్కనే ఎగిరింది, చూసుకోండి.” నిజమే. ఆ రాకెట్టు పై అంచె కోసం ఇసాయెవ్ సంస్థ ద్రవ హైడ్రోజన్ ఇంజను ఒకటి చేసి, ఎగరేయకుండానే మూలపెట్టింది. 1991లో మన ఇస్రో బేరం చేసింది ఆ ఇంజను కోసమే. 1992లో అమెరికా ఆంక్షలు పెట్టింది, 1993లో రష్యా విద్య యివ్వనంది, తయారైన అంచెలు మాత్రం యిస్తానంది. చంద్రుడికి చేసిన ఆ ఇంజను మొట్టమొదట ఆకాశం చూసింది 2001 ఏప్రిల్ 18న, అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుంచి, జి.ఎస్.ఎల్.వి. తలమీద! అనుకున్న కక్ష్యకు కాస్త తక్కువలో వదిలింది. అలాంటివి ఆరు ఎగిరాయి. మనవాళ్ళు సొంతంగా చేసుకున్నది 2010లో విఫలమై, 2014 జనవరి 5న గెలిచింది. ఆర్యభట్టను 1975లో వాళ్ళ రాకెట్టు మోసుకెళ్ళడం ప్రతివారికీ తెలుసు, ఇది తెలిసినవారు తక్కువ. ఇక్కడి పాఠకుల కోసం, 2000 సెప్టెంబరులో మొదటి సౌదీ ఉపగ్రహాలు ఎక్కింది యాంగెల్ సంస్థ క్షిపణినుంచి మార్చిన ద్నెప్ర్ రాకెట్టని ఒక పేరా చేర్చాము.

ప్రూఫులు నాన్నగారికి పంపాము. వారం తర్వాత ఫోను. “ఏరా, వాళ్ళు దాచిన సంగతులన్నీ మనమే అచ్చువేయాలా? ఆ పుస్తకాలు మనకు అంత చవగ్గా దొరక్కపోతే నువ్వీ పుస్తకం రాసేవాడివా?” మాకు సమాధానం దొరకలేదు. “వాళ్ళ గొప్పలు కూడా అలాగే వున్నాయండీ, ఒక్కటీ తీయలేదు” అన్నాము. “చూస్తాలే” అని పెట్టేశారు. తర్వాత నెలన్నర ప్రూఫుల మాటెత్తలేదు. మేమూ అడగలేదు.

ఈలోగా కాగితం ధర పెరిగిందని ప్రెస్సువారు అంచనా మార్చారు. ఇప్పుడు 304 పుటలు, 19 ఫారాలు, 300 ప్రతులే వేస్తున్నాము. “ఏమండీ, స్థలం వాయిదా కట్టాక మిగిలితే రాకెట్లు” అంది మా ఆవిడ. అలాగే కడుతున్నాము. మొదటి కూర్పు కొన్నవారికి తప్పొప్పుల పట్టిక చాలునని కొందరు సలహా యిచ్చారు. కాని 41వ పుట లాంటివి పదకొండు తేలాయి. డబ్బిచ్చి కొన్న ఆ నూట ఎనభైమందిలో చిరునామా తెలిసినవారికల్లా కొత్తది వుచితంగా పంపుతాము. ఇది మా ఆవిడకు యీ పత్రిక ద్వారానే తెలియబోతోంది.

పోయిన శుక్రవారం ప్రూఫులు వచ్చాయి. అన్ని పుటల్లోనూ ఎర్రసిరా. నెడెలిన్ అధ్యాయంలో ఒక్క వాక్యమూ కొట్టేయలేదు. మూడు అంకెల పక్కన మాత్రం “వీళ్ళలో ఇంజనీర్లెందరో సిపాయిలెందరో దొరికితే వేరుగా రాయి” అని వుంది. ‘ఈ పుస్తకాలు మాకు చదివించిన నాన్నగారికి’ అన్న అంకితం తీసేయమంటారేమోనని భయపడ్డాము. అక్కడ ఒక దీర్ఘం జారిపోతే దిద్ది వదిలేశారు.

సంక్రాంతికి వూరు వెళ్ళేవారెవరైనా తిరుగు ప్రయాణంలో పెట్టెలో తలా నాలుగు ప్రతులకు చోటివ్వగలిగితే ముందుగా చెప్పవలసిందిగా కోరుతున్నాము. ఒక్కోటి అరకిలో లోపే.