ఎత్తు యంత్రానిదే, మరి లక్ష్యం ఎవరిది?



"కంప్యూటరు మనం చెప్పిందే చేస్తుంది, కొత్తగా ఏదీ సృష్టించలేదు" అనే మాట మీరు వినే ఉంటారు. ఇది నిన్న మొన్నటి మాట కాదు. చార్లెస్ బాబేజి ఊహించిన గణన యంత్రాన్ని గురించి వ్రాస్తూ, ఆడా లవ్‌లేస్ అనే ఆంగ్ల వనిత 1843లోనే ఇంచుమించు ఇదే అభిప్రాయం వెలిబుచ్చింది. మరి ఈనాడు కూడా ఆ మాట చెల్లుతుందా?

గో అనే ఆటను తీసుకుందాం. ఇది చైనాలో పుట్టిన ప్రాచీనమైన ఆట. మన పులి-మేక ఆటలో లాగానే గీతలు కలిసే చోట కాయలు పెడతారు. అయితే ఇందులో 19 నిలువు గీతలు, 19 అడ్డగీతలు. అంటే 361 కూడళ్ళు! 2016 మార్చిలో దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో ఆల్ఫాగో అనే కంప్యూటరు ప్రోగ్రాముకూ, లీ సెడాల్ అనే మేటి ఆటగాడికీ అయిదు ఆటల పోటీ జరిగింది. రెండవ ఆటలో ప్రోగ్రాము వేసిన 37వ ఎత్తు చూసి ఆట తెలిసినవారు తెల్లబోయారు. పొరపాటేమో అనుకున్నారు. మనిషి ఆ ఎత్తు వేసే అవకాశం పదివేలలో ఒక వంతు అని ప్రోగ్రాము లెక్క. చివరకు ఆ ఆట అదే గెలిచింది. లీ కూడా తక్కువ తినలేదు. నాలుగవ ఆటలో ఆయన వేసిన 78వ ఎత్తుకు యంత్రం తికమకపడి ఓడింది. పోటీ మాత్రం 4-1తో యంత్రానికే దక్కింది.

కనుక యంత్రానికి కొత్తది తోచదని మనం గొప్పలు పోవడం సరికాదని నా అభిప్రాయం. అసలు చిక్కు వేరే చోట ఉంది.

అదే 2016లో ఓపెన్‌ఏఐ సంస్థ శాస్త్రజ్ఞులు ఒక ప్రోగ్రాముకు పడవ పందెం ఆట నేర్పారు. "ఎక్కువ పాయింట్లు తేవాలి" అన్నదే దానికి పెట్టిన లక్ష్యం. దారిలో కొన్ని గుర్తులను తాకితే పాయింట్లు వస్తాయి. అది ఏం చేసిందో తెలుసా? పందెం మానేసి, గుర్తులు మళ్ళీ మళ్ళీ మొలిచే ఒక మూల చేరి గిరగిరా తిరగసాగింది. ఇతర పడవలను గుద్దింది, తానూ అంటుకున్నది. అయినా మనుషులకంటే సగటున 20 శాతం ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంది!

తప్పు యంత్రానిది కాదు. అడిగింది అది చేసింది. యంత్రానికి అప్పగించే లక్ష్యం మనం నిజంగా కోరేదేనా అని ముందే సరిచూసుకోవాలని గణితవేత్త నార్బర్ట్ వీనర్ 1960లోనే హెచ్చరించాడు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ఈనాటి కృత్రిమ మేధ కరవు మీద వ్యాసం వ్రాయమంటే క్షణాల్లో వ్రాసి ఇస్తుంది. దానిని మీ నోటుపుస్తకంలో ఎక్కించి ఇస్తే మార్కులు రావచ్చు. కాని ఆ పడవకూ మీకూ తేడా ఏముంది? వ్యాసం వ్రాయమన్నది మీరు ఆలోచించడం కోసం. మార్కులు దానికి కొలత మాత్రమే. ఆ కొలతనే లక్ష్యంగా చూపిన పెద్దలకూ ఇందులో పాలుంది. అది వేరే చర్చ.

యంత్రాన్ని ముట్టవద్దని నేను చెప్పను. ఈ నెల ఒక పని చేసి చూడండి. మీ ఊరి చెరువు మీద ముందుగా మీరే ఒక పేజీ వ్రాయండి. తరువాత యంత్రాన్ని అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. దాని దాంట్లో మీకు తోచనిది ఏముందో, మీ దాంట్లో దానికి తెలియనిది ఏముందో గీత గీయండి. ఏది ఉంచాలో, ఏది కొట్టివేయాలో మాత్రం మీరే నిర్ణయించండి.