గృహవిజ్ఞానము: వంటగట్టుపై ఎపాక్సీ పూత

గతమాసమున మనము బియ్యపు డబ్బాలలో పురుగు చేరకుండ చూచుకొను విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము పలువు రడిగిన మఱియొక విషయమును చేపట్టుచున్నాను. వంటయింటిలోని పాత గట్టు గరుకెక్కి, మచ్చలు పడి, అతుకులు విడిపోయినప్పుడు దానిని పగులగొట్టి క్రొత్త రాయి వేయించుటకు మాఱుగా, పైన ఎపాక్సీ యను ద్రవమును పోయించి అద్దమువలె చేసికొనవచ్చునని ఇప్పుడు పనివాండ్రు చెప్పుచున్నారు. సెల్‌ఫోనులలో కనబడు చలనచిత్రములు దానిని కన్నులపండువుగ చూపుచున్నవి. ఒక సోదరి తమ యింటి కడపరాతి గట్టును గూర్చి వ్రాయుచు, పని యొకదినములో ముగియునట, దుమ్ము లేదట, వ్యయము తక్కువయట, చేయింపవచ్చునా యని అడిగినారు. తమ కుమార్తె వచ్చు నెలలో పురిటికి రానున్నదనియు, ఆ లోపల వంటయిల్లు బాగుచేయింపవలెనని తొందరగా నున్నదనియు కూడ వ్రాసినారు. ఈ కడపటి మాటయే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. దానికి తరువాత వచ్చెదను.

ఎపాక్సీ మన కంతగా క్రొత్త వస్తువు కాదు. విఱిగిన పింగాణి పాత్రను, ఊడిన కత్తిపిడిని అతికించుటకు రెండు గొట్టములుగా బజారులో అమ్ము ఆరల్డైట్ ఈ జాతిదే. ఒక గొట్టములో బంకయు, రెండవదానిలో దానిని గట్టిపఱచు ద్రవమును ఉండును. విడివిడిగా నున్నంతకాలము ఇవి తేనెవలె పాఱుచుండును. కలిపినంతనే ఒకదానితో నొకటి పెనవేసికొని, వేడి పుట్టి, కొన్ని గంటలలో రాయివలె బిగిసిపోవును. ఇది రంగు ఆఱినట్లు తడి పోయి ఆఱుట కాదు. రెండును కలిసి మూడవ పదార్థ మగుట. అందుచేతనే పాళ్ళు సరిగా నుండవలెను. పాలకు తోడు పెట్టునప్పుడు చేమిరి కొంచె మెక్కువైనను తక్కువైనను పెరుగు పెరుగే యగును. ఇందు అట్టి సర్దుబాటు లేదు. కొన్ని రకములకు సమభాగములు, కొన్నింటికి రెండుపాళ్ళ బంకకు ఒకపాలు గట్టిపఱచు ద్రవము. ఏది డబ్బాపై వ్రాసియున్నదో అదియే కొలిచి కలుపవలెను. త్వరగా గట్టిపడునని రెండవదానిని ఎక్కువగా పోసినచో గట్టు ఏడాదియైనను జిగటగానే యుండును.

దీని గుణములను ముందుగా చెప్పుట న్యాయము. కడపరాయి, తాండూరు బండ రెండును సున్నపురాయి జాతివి. చింతపండు పులుసు, నిమ్మరసము, పుల్లమజ్జిగ తగిలినచోట నెల్ల ఆ రాయి కొంచెము కొంచెముగా కరగి, మెఱుగు పోయి, తెల్లని మచ్చ లేర్పడును. మన వంటలో పులుపు లేని దినమే లేదు గదా! మీ గట్టు ఏ రాయియో తెలియనిచో మూలగా కనబడనిచోట ఒక నిమ్మరసపు చుక్క వేసి కొంతసేపు తాళి తుడిచి చూడుడు. నిగ్గు పోయినచో సున్నపురాయియే. ఎపాక్సీ పూతకు ఇంటి పులుపు వలన బాధ లేదు. అది నీరు పీల్చదు. అన్నిటికంటె మేలైన గుణము, అతుకు లేకపోవుట. నీళ్ళతొట్టి ప్రక్క అతుకులో నిలిచిన తడియు, బొద్దింకలు దాగు సందును, నల్లగా పట్టు బూజును ఎంత తోమినను పోవని మీకు తెలియును. ఒకే పలకవలె పోసిన పూతయందు ఈ బెడద లుండవు. పాత గట్టు పునాది గట్టిగా నున్నచో పగులగొట్టుటయు, మట్టి మోయించుటయు తప్పును.

ఇక లోపములు. ఎపాక్సీ ఎంత వేడినైనను తాళునని చెప్పువారు కళాశాలల రసాయన ప్రయోగశాలలలోని నల్లని బల్లలను ఉదాహరణగా చూపుచున్నారు. ఆ బల్లలలో కొన్ని ఎపాక్సీవే, నిజమే. కాని అవి కర్మాగారములో ఖనిజచూర్ణములు కలిపి పోతపోసి, కొలిమివంటి గదులలో కాచి గట్టిపఱచినవి. మన యింట బొక్కెనలో కలిపి, గది వేడిమిలోనే ఆఱిన పూత వేఱు. ఈ రెంటికిని పేరొక్కటే గాని బల మొక్కటి కాదు.

ఇంటిలో పోసికొను రకములు సాధారణముగా 50 మొదలు 70 డిగ్రీల సెల్సియస్ వేడిమికే మెత్తబడ నారంభించును. మరుగు నీరు 100 డిగ్రీలు. కుక్కరు కూత వేయునప్పుడు లోపలి ఆవిరి ఇంచుమించు 120. అప్పడములు వేయించు నూనె 180 ప్రాంతమున నుండును. ఈ లెక్కతో చూచినచో పొయ్యిమీదనుండి దించిన ఏ పాత్రయు ఈ గట్టుమీద తిన్నగా పెట్టుటకు తగదు. పెట్టినచో వలయాకారముగ ముద్ర పడును, లేదా తెల్లబడును, లేదా పాత్ర అంటుకొని లేచునప్పుడు పూత పెచ్చుగా వచ్చును. ఎక్కువ వేడికి తాళునని ప్రకటించు రకములును కలవు. అయితే ఆ డబ్బాపై నున్న అంకె క్షణకాలము తగిలిన వేడిమికి చెల్లునా, పావుగంట నిలిచిన వేడిమికి చెల్లునా యని అడిగి తెలిసికొనవలెను. అత్తగారును కోడలును కలిసి వండుచు, గంజి వార్చిన గిన్నె ఒకరు, పోపు మూకుడు ఒకరు చేతికందినచోట దించు మన యిండ్లలో, ప్రతిసారి చుట్టకుదురో చెక్కపలకయో వేయవలె నను నియమము ఎన్ని దినములు నిలుచునో మీరే ఊహింపుడు. నా మట్టుకు నాకు ఈ యొక్క లోపమే తక్కిన గుణములన్నిటికంటె బరువుగా తోచుచున్నది.

గీతలు పడుట రెండవది. ఇది రాయివలె కనబడును గాని రాయి కాదు. కూరగాయలు పలక లేకుండ తరిగినను, బరువైన ఇనుప పెనమును ఈడ్చినను గీత మిగులును. కొబ్బరికాయ గట్టు అంచున కొట్టు అలవాటున్న యింట దీని మాట తలపెట్టవద్దు. ఎండ తగిలినచో పసుపు వర్ణము దాల్చుట మూడవది. తూర్పు కిటికీ క్రింద తెల్లని పూత వేయించినచో కొన్నేండ్లకు కిటికీ ఎదుటి భాగ మొక వన్నె, మూల భాగ మొక వన్నె యగును. వేయించియే తీరవలె ననుకొనువారు ముదురు రంగు నెన్నుకొనుట మంచిది.

ఇప్పుడు మన సోదరి కుమార్తె విషయము. గట్టిపడని ఎపాక్సీ, అందును దాని రెండవ ద్రవము, చర్మమునకు తగిలినచో కొందఱికి దద్దురు, దురద, పొక్కులు కలుగును. ఒకసారి శరీరమునకు పడకపోయినచో అటుపై లేశము తగిలినను మరల మరల వచ్చుచుండును. ఆ గుణము పోదు. ఆవిరి కన్నులను, ముక్కును, గొంతును మండించును. ఆఱిన పూతను రుద్ది నునుపుచేయునప్పుడు లేచు ధూళియు ఊపిరికి మంచిది కాదు. ఇట్టి రసాయనములకు గర్భిణులు దూరముగా నుండుట వైద్యులు చెప్పు సామాన్యమైన జాగ్రత్త. మఱియు నొకటి. ఈ బంకలలో పెక్కింటికి మూలద్రవ్యము బిస్‌ఫినాల్-ఏ. ఆహారమునకు తగులు వస్తువులలో దాని వాడుకను, కొన్ని మినహాయింపులతో, నిషేధింపవలెనని ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో నిర్ణయించినది. సరిగా కలిసి పూర్తిగా గట్టిపడిన పూతలో విడిగా మిగులునది స్వల్పము. పాళ్ళు తప్పినచోట మిగులునది అంత స్వల్పము కాదు. కావున ఆ గట్టుమీద తిన్నగా చపాతీలు ఒత్తుట, వేడి అన్నము ఆరబోయుట తగదు.

ఒకదినములో ముగియు నన్నమాట చేతికి అంటకుండుటకు మాత్రమే చెల్లును. పూర్తిగా గట్టిపడుటకు ఇంచుమించు వారము కావలెను, చలిదినములలో ఇంకను ఎక్కువ. ఆ వారమంతయు వంట మఱియొకచోట సాగవలెను. పురుటాలికి పథ్యము వండవలసిన యింట ఇది కుదురునా? కావున అమ్మా, మీ అమ్మాయి వచ్చుటకు ముందు ఈ పని పెట్టుకొనవద్దు. మీ కడపరాయి గరుకెక్కినదే గాని పగులలేదని వ్రాసినారు గదా. నీళ్ళు పోయుచు యంత్రముతో అఱగదీసి పాలిషు పట్టువారు ఊరూర నున్నారు. బురద యగును గాని దుమ్ము లేవదు, ఆవిరి యుండదు. అతుకులను గీకి, కడిగి, ఆఱిన పిమ్మట తెల్లసిమెంటుతో నింపింపుడు. ఒకటి రెండు దినములలో పొయ్యి వెలిగింపవచ్చును. పులుపు మచ్చలు కొన్నాళ్ళకు మరల వచ్చును, అది ఆ రాతి స్వభావము. అప్పటికి మనుమనికో మనుమరాలికో అన్నప్రాశన యగును. తీరికగా క్రొత్త రాతి మాట చూచుకొనవచ్చును.

క్రొత్త రాతి మాట వచ్చినది కనుక చెప్పెదను. అమెరికావంటి దేశములలో చెక్కపలకకు లామినేట్ అతికించిన గట్టు లనేకము. వారికి ఎపాక్సీ పూత లాభముగా తోచుటలో వింతలేదు. మనకు ప్రకాశము జిల్లా చీమకుర్తిలో నక్షత్రములు చల్లినట్లుండు నల్లరాయియు, కరీంనగరు ప్రాంతమున గోధుమవన్నె గ్రానైటును తవ్వుచున్నారు. పులుపునకు కరగక, మూకుడు వేడికి జంకక, కత్తికి లొంగక ఉండు రాయి మన కాళ్ళక్రిందనే యుండగా దానిపై బంక పోయుట నాకు రుచింపదు. అయినను రాయి కొనునప్పుడు ఒక మాట అడుగుడు. సన్నని పగుళ్ళున్న పలకలను కర్మాగారములలో ఎపాక్సీతోనే నింపి, వెనుక గాజునారవల అతికించి మెఱుగుపెట్టుట కలదు. అది మోస మేమియు కాదు. పగుళ్ళు ఎన్ని యున్నవో తెలిసికొనుట మాత్రము మన హక్కు. క్వార్ట్‌జు పేరుతో అమ్ము కృత్రిమపు రాయి వేఱొక జాతి. దానిని కోయు పనివాండ్రకు ఊపిరితిత్తుల వ్యాధి వచ్చుచున్నదని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి దానిని నిషేధించినది. ఆ సంగతి వేఱుగా వ్రాయదగినది.

ఎపాక్సీకి మన వంటయింట తగిన చోటు లేకపోలేదు. గోడ పలకల నడుమ సందులను నింపుటకు ఎపాక్సీ పూడికను మించినది లేదు. పోపు చిట్లినను, పసుపు పడినను సిమెంటు పూడికవలె పీల్చుకొనదు.

ఇదివఱకే గట్టుమీద పూత వేయించుకొన్నవారికిని, వేయించుకొనక తప్పదను వారికిని రెండు మాటలు. పని జరుగునప్పుడు బుడగలు పోవుటకు మంటను పైన త్రిప్పుదురు. గ్యాసు సిలిండరును ముందే వెలుపల పెట్టింపుడు. కలిపిన ద్రవము బొక్కెనలో మిగిలినచో తన వేడికి తానే పొగలు క్రక్కును, పిల్లలను దగ్గరకు రానీయకుడు. ముసురుపట్టిన దినములలో పని వద్దు. గాలిలోని తేమవలన పైన మైనపు పొరవంటిది తేలును. చేతికి అంటినచో సబ్బుతో కడుగవలెను గాని రంగు పలుచజేయు నూనెలతో తుడువరాదు. పూత పూర్తిగా గట్టిపడిన పిమ్మట ఇసుక, బూడిద, ఇనుపపీచు దానికి తగులనీయక, మెత్తని గుడ్డతో సబ్బునీరు అద్ది తుడువుడు. పసుపు పడినచో వెంటనే తుడువవలెను, నీటితో మాత్రమే కాక సబ్బుతో. పసుపు వన్నె నీటిలో కరగదు, నూనెలో కరగును. ఎండకు పసుపు మచ్చ వెలిసిపోవుననుట నిజమే గాని ఆ ఎండకే పూత పసుపెక్కును, కావున ఆ ఉపాయము ఇచట పనికిరాదు. పాత్ర వేడికి ముద్రపడినచో గీకవద్దు. చిన్నదైనచో పనివాడు ఆ భాగము నఱగదీసి పైన మరల పలుచగా పోయగలడు.