అమ్మకు చదివి వినిపించే పుస్తకాలు కావాలి

నిజామాబాద్ జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుల వారికి,



2016 అక్టోబరులో మోర్తాడ్ నుంచి విడివడి మండలమైన ఏర్గట్ల నుంచి రాస్తున్నాను. పిల్లలు ఫోన్ వదలకపోతే అందరూ తల్లిదండ్రులనే తప్పుపడుతున్నారు. మా ఊళ్లలో ఆ ఫోన్ పిల్లల చేతికి ఎట్లా వచ్చిందో ముందు మీరు వినాలి.

ఇక్కడ చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. పిల్లలు నాన్న ముఖం చూసేది ఫోన్‌లోనే. తల్లి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది. చేసినన్ని బీడీలకే కూలి. పిల్లవాడు ఏడిస్తే ఫోన్ ఇయ్యక ఏం చేస్తుంది? 2020 సెప్టెంబరులో టీవీల్లో, ఫోన్లలో పాఠాలు మొదలయ్యాక బడి పేరుతో కూడా ఫోన్ ఇంట్లో పాతుకుపోయింది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మంచి మాటే. మిగతా పొద్దు ఎట్లా గడవాలన్నదే ఆ తల్లి కష్టం.

ఆమె చేతులకు, కళ్లకు తీరిక లేదు. చెవులకు ఉంది. క్యూబా చుట్టల కార్ఖానాల్లో 1865 నుంచి పనివాళ్లకు ఒకరు పత్రికలు, నవలలు చదివి వినిపించేవారు. కేరళలోని కన్నూరు బీడీ కార్మికులూ అట్లాగే చదివించుకున్నారు. చదివే మనిషి వాటా బీడీలను మిగతావాళ్లు చుట్టి ఇచ్చేవారు. మా ఇళ్లలో ఆ చదివే మనిషి ఐదో తరగతి పిల్ల కావచ్చు. తంబాకు దుమ్ముకు ఎడంగా కూర్చుని చదువుతుంది. అమ్మతో పాటు తమ్ముడూ వింటాడు. రాత్రి వీడియో కాల్‌లో నాన్నకూ అదే కథ చదువుతుంది. తల్లికి అక్షరాలు రాకపోయినా ఈ పని సాగుతుంది.

ఇందుకు పెద్ద అక్షరాల బొమ్మల కథలు కావాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ సొమ్ముతో ఏర్గట్ల, తడపాకల్ సహా మండలంలోని ప్రతి ఊరి బడికి ఒక పుస్తకాల పెట్టె పంపండి. నెలకోసారి పెట్టెలను ఊరు మార్చండి. పుస్తకాలను ఇంటికి పోనివ్వండి. చిరిగితే జరిమానా వద్దని బడులకు రాయండి. జరిమానా భయం ఉన్న ఇంటికి పుస్తకం రాదు.

పెట్టె వచ్చిన నాటి నుంచి రోజూ ఒక అరగంట ఫోన్ పక్కన పెట్టించి, చదివించి, వినే బాధ్యత తల్లిదండ్రులుగా మేం తీసుకుంటాం. వచ్చే విద్యా సంవత్సరానికి ముందే మీ నిర్ణయం తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఏర్గట్ల నుంచి ఒక తండ్రి