డీడీఆర్3 అంటే ఏదైనా ఒకటేనా?

"డీడీఆర్3 అడిగారు, డీడీఆర్3 ఇచ్చాం. ఏదైనా ఒకటేనండీ." బెజవాడలో ఒక కంప్యూటరు కొట్టువాడు మా బాబాయికి చెప్పిన మాట ఇది. ఏదైనా ఒకటి కాదు. ఆ సంగతి అతనికి తెలియకపోవడం ఒక ఎత్తు. తెలియకుండానే "మీ బోర్డు పోయిందండీ, కొత్త సిస్టం తీసుకోండి" అని తీర్పు చెప్పెయ్యడం ఇంకో ఎత్తు. నా గోలంతా ఆ రెండోదాని గురించి.

మా బాబాయిది చల్లపల్లిలో చిన్న డీటీపీ కొట్టు. శుభలేఖలు, దినం కార్డులు, తిరునాళ్ళ కరపత్రాలు, ట్యూషన్ల ప్రకటనలు. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, అంతే సరంజామా. అడోబీవాడు 2001లో పేజ్‌మేకర్ 7 వదిలాక మళ్ళీ కొత్తది చెయ్యలేదు, ఇన్‌డిజైన్ కొనుక్కోమన్నాడు. మన డీటీపీ కొట్లు చాలావాటికి ఆ మాట చెవికెక్కలేదు. ఎలా ఎక్కుతుంది? అను ఫాంట్లలో కొట్టింది యూనికోడు కాదు. ఆ ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి కనపడుతుంది. "మా పెద్దమ్మాయి పెళ్ళికి కొట్టావు చూడు, అదే కార్డు, పేర్లు మార్చి చిన్నదానికి కొట్టు" అని వచ్చేవాళ్ళే ఆయన బేరాల్లో సగం. ఆ పదిహేనేళ్ళ ఫైళ్ళు, అవి తెరుచుకునే సాఫ్టువేరు, అన్నీ ఆ పాత డబ్బాలోనే ఉన్నాయి. "కొత్తది కొనుక్కో" అని ఆయనకి చెప్పడమంటే పొలం మార్చుకుని ఇంకో ఊళ్ళో సాగు చేసుకోమన్నట్టే.

ఆ డబ్బా 2011లో కొన్నది. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ బోర్డు, కోర్ 2 డుయో ప్రాసెసరు, 2జీబీ డీడీఆర్3 ర్యాము ఒకటి, 32 బిట్ విండోస్ 7. పేజ్‌మేకర్‌కి అది చాలా ఎక్కువ. కానీ ఫ్లెక్సీ బేనర్లు మొదలెట్టాక ఫొటోషాప్ తెరవాలి, పక్కన బ్రౌజరు తెరవాలి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు దించుకోవాలి. మౌసు కదిలించి టీ తాగొచ్చేలోగా కదిలేది. ర్యాము పెంచితే బాగుంటుందని ఎవరో చెప్పారు. చెప్పినవాడు సరిగ్గానే చెప్పాడు.

ఉయ్యూరు మీదుగా బస్సెక్కి బెజవాడ వెళ్ళాడు. పాత 2జీబీది చేత్తో పట్టుకెళ్ళాడు, చూపించడానికి. కొట్టువాడు అది ఎక్స్ఛేంజిలో తీసుకుని 4జీబీది ఒకటి ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే బీప్ బీప్ బీప్, తెర నల్లగా. మర్నాడు క్యాబినెట్టు గోనెసంచిలో కట్టుకుని మళ్ళీ బస్సు. కొట్టులో ఉన్న ఇంకో రెండు 4జీబీ ర్యాములు పెట్టి చూశారు. అవీ అంతే. తీర్పు వచ్చేసింది: బోర్డు పోయింది. ఈ బోర్డు ఇప్పుడు దొరకదు. ఇదిగో కొత్త సిస్టం, ఇంత.

నాకు ఫోన్ చేశాడు. "ఏరా అబ్బాయ్, కొత్తది కొనెయ్యమంటావా?" అని. నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. "పదిహేనేళ్ళు పనిచేసింది కదా బాబాయ్, ఇంక వదిలెయ్, నేను కొంత పంపిస్తాలే" అన్నాను. ఇరవయ్యేళ్ళుగా ఈ సాఫ్టువేరు రంగంలో తింటున్నవాణ్ణి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా అన్నాను. ఆయన "సరేలే" అన్నాడు గానీ కొనలేదు. కొట్టు రెండు వారాలు దాదాపు మూసినట్టే. సరిగ్గా సంక్రాంతి ముందు, కరపత్రాల బేరాలు వచ్చే రోజుల్లో.

2026 సంక్రాంతికి ఊరెళ్ళి ఆ ర్యాము చేతిలోకి తీసుకున్నాను. స్టిక్కరు మీద చిన్న అక్షరాల్లో 1ఆర్ఎక్స్8 పీసీ3-12800యూ అని ఉంది. ఒకవైపే ఎనిమిది నల్ల చిప్పులు, రెండోవైపు ఖాళీ. బోర్డుకేమీ కాలేదని అక్కడే అర్థమయిపోయింది.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు సంగతి ఇదే. 4జీబీ ర్యాము రెండు రకాలుగా చెయ్యొచ్చు. 2 గిగాబిట్ల చిప్పులు పదహారు పెట్టి, రెండువైపులా చెరి ఎనిమిది. లేదా 4 గిగాబిట్ల చిప్పులు ఎనిమిది, ఒకవైపే. మొదటిదాని మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటుంది, రెండోదాని మీద 1ఆర్ఎక్స్8. డబ్బా మీద మాత్రం రెండింటికీ ఒకే రాత: "4జీబీ డీడీఆర్3". జీ41ని తయారుచేసిందే 2 గిగాబిట్ల చిప్పుల దాకా. ఎందుకంటే చిప్పులో ప్రతి గదికీ ఒక అడ్రసు ఉంటుంది, దాంట్లో వరస నంబరు ఒక భాగం. ఎనిమిది బిట్ల వెడల్పున్న 2 గిగాబిట్ల చిప్పుకి వరస నంబరు రాయడానికి 15 గీతలు చాలు, 4 గిగాబిట్లదానికి 16 కావాలి. 999 దాకానే డోరు నంబర్లు చదవడం వచ్చిన పోస్టుమాన్‌ని వెయ్యిన్నొకటో ఇంటికి ఉత్తరం ఇచ్చి రమ్మంటే ఏం చేస్తాడు? కొన్ని బోర్డులు సగమే చూపించి ఊరుకుంటాయి, కొన్ని బీప్ కొట్టి మొరాయిస్తాయి. కోర్ 2 కాలంలో మెమరీ కంట్రోలరు ప్రాసెసర్లో ఉండేది కాదు, బోర్డు మీది చిప్‌సెట్లో ఉండేది. కాబట్టి ప్రాసెసరు మార్చినా, బయోస్ అప్‌డేటు చేసినా ఆ పదహారో గీత పుట్టుకురాదు.

ఇదేమన్నా దేవరహస్యమా? ఇంటెల్ 4 సిరీస్ చిప్‌సెట్ డేటాషీట్లో ఏ చిప్పుల దాకా పనిచేస్తుందో రాసే ఉంది. కానీ అంగట్లో అమ్మేది "ఎన్ని జీబీ, ఏ డీడీఆర్" అన్న రెండు మాటలతో. బియ్యం కొనేటప్పుడు కూడా పాతవా కొత్తవా, సోనామసూరా స్వర్ణా అని నాలుగు ప్రశ్నలడిగే జనం మనం. ర్యాము దగ్గరకొచ్చేసరికి కిలోల లెక్కన కొనేసి నోరు మూసుకోవాలా?

కొట్టు కుర్రాణ్ణి నేను పెద్దగా తప్పుపట్టను. వాడికెవరు నేర్పారు? నాకు మండేది ప్యాకింగు మీద చిప్పు సైజు రాయని తయారీదార్ల మీద. ఇంకా ఎక్కువ మండేది ఆన్‌లైన్ అమ్మకందార్ల మీద. అక్కడ డీడీఆర్2 4జీబీ ర్యాములు, కొన్ని డీడీఆర్3 ర్యాములు ఆశ్చర్యపోయేంత చవగ్గా కనిపిస్తాయి. కిందకి జారి జారి వెళ్తే ఒకచోట "ఏఎండీకి మాత్రమే" అని ఉంటుంది, ఉంటే. ఇంటెల్ బోర్డులో అవి పనికిరావు. అలాగే సర్వర్ల నుంచి పీకిన రిజిస్టర్డ్ ర్యాములు. స్టిక్కరు మీది నంబరు చివర యూ బదులు ఆర్ ఉంటుంది. మామూలు డెస్క్‌టాప్‌లో పెడితే బూడిదలో పోసిన పన్నీరే. ఒక్క అక్షరం తేడా, డబ్బు మొత్తం పోయినట్టే.

డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే ఉంటాయి కాబట్టి కలుస్తాయనుకునేవాళ్ళూ ఉన్నారు. గాడి చోటు వేరు, ఓల్టేజి వేరు (1.8, 1.5). దిగకపోతే నొక్కకండి, దయచేసి.

"8జీబీ వేసెయ్యరా, పనైపోతుంది" అన్నాడు బాబాయి. వద్దన్నాను. 32 బిట్ విండోస్ 7 ఎంత ర్యాము పెట్టినా 4జీబీ దాటి చూడదు, అందులోనూ గ్రాఫిక్సుకీ మిగతా పరికరాలకీ పోగా మూడు పైచిలుకు మిగులుతుంది. అను, పేజ్‌మేకర్ అన్నీ కుదురుకున్న ఆ విండోస్‌ని కదిలించే ధైర్యం నాకు లేదు, ఆయనకి అసలే లేదు. కాబట్టి కావలసింది 2జీబీవి రెండు, ఒకే కంపెనీవి, ఒకే రకంవి, రెండు స్లాట్లలో. రెండు ఛానెళ్ళూ పనిచేస్తాయి. జీ41లో 1600 వేగం ర్యాము పెట్టినా 1066కే నడుస్తుంది, వేగానికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. పాత ర్యాములు అమ్మే ఇంకో కొట్టులో దొరికాయి. మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడిపాను, ఒక్క తప్పు లేదు. క్రోమ్ 2023లోనే, 109 తర్వాత, విండోస్ 7ని వదిలేసింది కాబట్టి బ్రౌజింగు మాత్రం అందులో వద్దని చెప్పి, వేరే డిస్కులో 64 బిట్ లినక్స్ మింట్ వేసి ఇచ్చాను. ఫొటోలు అక్కడ దించుకుని ఇక్కడ వాడుకుంటాడు. కాస్త తిప్పలే, ఒప్పుకుంటాను.

ఇంక మనవాళ్ళ సంగతి. "పాతది పారెయ్, కొత్తది కొను" అని మొదట అనేది కొట్టువాళ్ళు కాదు, మనమే, సాఫ్టువేరువాళ్ళం. 2జీబీలో హాయిగా నడిచే పనిని 8జీబీలో ఆయాసపడేలా చేసింది ఎవరు? ఒక చిన్న చాట్ కిటికీకి లోపల మొత్తం బ్రౌజరు పెట్టి పంపించేది ఎవరు? నేనూ పంపించాను, మేనేజరు అడిగితే "ఈ రోజుల్లో ర్యాము చవక సార్" అన్నాను కూడా. చవక అన్న మాట 2025 చివర్లో చెల్లిపోయింది. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ మళ్ళించడం మొదలెట్టాక ధరలు ఎగిరాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ పేరుతో ఇళ్ళకి అమ్మే ర్యాముల వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటప్పుడు చల్లపల్లిలో శుభలేఖలు కొట్టుకునేవాడికి "కొత్తది కొను" అనడం సలహా కాదు, చేతులు దులుపుకోవడం. అదీ స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు 2014 నుంచి తెల్లవారుజామున లేచి రోడ్లు ఊడుస్తున్న ఊళ్ళో, పనిచేసే కంప్యూటరుని చెత్తలో కలిపెయ్యమని నేను ఫోన్లో చెప్పాను చూడండీ, అందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ప్రతి పాత డబ్బానీ బతికించాలని నా వాదన కాదు. డీడీఆర్1 నాటి పెంటియం 4కి డబ్బు పెట్టకండి. జీ31 బోర్డయితే రెండు స్లాట్లలో కలిపి 4జీబీయే గరిష్ఠం, డీడీఆర్2యే కావాలి, ఖర్చు చూసుకుని దిగండి. పని చేసేటప్పుడు ర్యాము నిండుతోందా అన్నది టాస్క్ మేనేజర్లో చూడండి. నిండకుండానే మెల్లగా ఉంటే జబ్బు హార్డ్‌డిస్కుది, ఎస్ఎస్‌డీ వెయ్యండి. కానీ అవన్నీ చూశాక అనండి "పోయింది" అని. చూడకుండా అనకండి. కొనేముందు సీపీయూ-జీలో బోర్డు పేరు, చిప్‌సెట్ పేరు, ఇప్పుడున్న ర్యాము వివరాలు రాసుకుని వెళ్ళండి. పాతది ఎక్స్ఛేంజిలో ఇవ్వకండి, కొత్తది తెర మీద కనపడేదాకా. కొట్టువాడు "ఏదైనా ఒకటే" అంటే ర్యాము తిప్పి చిప్పులు లెక్కపెట్టండి.

క్యాబినెట్టు తలుపు లోపల ఒక కాయితం అంటించి వచ్చాను, బాబాయి చేతే పేజ్‌మేకర్‌లో కొట్టించి: "జీ41. 2జీబీ + 2జీబీ. 4జీబీది కొంటే 16 చిప్పులదే." అను ఫాంట్లలో, శుభలేఖకి వాడే అక్షరాల్లో, చుట్టూ మామిడాకుల బార్డరుతో.

కొట్టువాడు ఆ 4జీబీ ర్యాము వెనక్కి తీసుకోలేదు. వీధి చివర ట్యూషన్ చెప్పే మాస్టారి దగ్గర హెచ్61 బోర్డుంటే అందులో పెట్టి చూశాం. మొదటిసారికే లేచింది. ఇప్పుడక్కడే ఉంది.