జైల్లో మానేశాడు, ఇక భయం లేదా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్ళు. లారీ క్లీనరు. రెండేళ్ళ క్రితం కాలు విరిగితే నొప్పికి ట్రమడాల్ బిళ్ళలు ఇచ్చారు. కాలు అతుక్కుంది గాని బిళ్ళలు మానలేదు. రోజుకి పన్నెండు దాకా వెళ్ళాడు. డబ్బు కోసం సెల్‌ఫోను దొంగిలించి పట్టుబడ్డాడు. రిమాండులో మొదటి వారం వాంతులు, విరోచనాలు, నిద్ర లేదు. నాటకమన్నారట. ఇప్పటికి నెలన్నరయింది, కాస్త ఒళ్ళు చేశాడు. వచ్చే వారం బెయిలు రావచ్చు. జైల్లో మానేశాడు గనక ఇక భయం లేదంటారు మావారు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడంటారు మా అత్తగారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, పెనుగొండ

జవాబు: అమ్మా, మీవారి మాట వినడానికి బాగుంది గాని, అసలు భయపడవలసింది విడుదలైన రోజు నుంచే.

ట్రమడాల్ మన పెద్దలెరిగిన నల్లమందు జాతిదే. 2018 నుంచి మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. రోజూ మింగేకొద్దీ ఒళ్ళు అలవాటుపడి, నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. మందు ఆగితే ఆ తట్టుకునే శక్తి కొద్ది వారాల్లోనే పోతుంది. కోరిక మాత్రం పోదు. నెలన్నర కాడి మోయని ఎద్దుకు మొదటి రోజే పాత బరువు కట్టినట్టన్నమాట. పాత స్నేహితుల మధ్య పాత లెక్కన మింగితే ఊపిరి మందగించి నిద్రలోనే పోవచ్చు. ఫిట్సు కూడా రావచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999–2003 మధ్య విడుదలైన 30 వేల మంది ఖైదీల సంగతి పరిశీలించారు. మొదటి రెండు వారాల్లో మత్తుమందు మోతాదు మించి చనిపోయే ప్రమాదం వాళ్ళకి మామూలు జనం కంటే 129 రెట్లుంది.

పిలిచినా పలక్కుండా, గురక పెడుతూ, పెదవులు నల్లబడితే పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోను చెయ్యండి.

రిమాండులో అతను పడ్డ బాధ నాటకం కాదు. మందు ఆగిన ఒళ్ళు పడే యాతన అది. సాధారణంగా ప్రాణం తియ్యదు గాని, ఒంట్లో నీరంతా పోతే తీయగలదు. ఇలాంటి బిడ్డలున్నవాళ్ళు, రిమాండుకి ముందు జరిగే వైద్యపరీక్షలోనే ఏ బిళ్ళలు, రోజుకెన్ని అన్నది చెప్పెయ్యాలి. పరువని దాస్తారు. ఆ పరువు లాకప్పులో ఎందుకూ కొరగాదు.

బెయిలుకి ముందే మానసిక వైద్యుణ్ణి కలవండి. కాకినాడ ప్రభుత్వాస్పత్రిలో ఆ విభాగం ఉంది. ఇంకా దగ్గర్లో ఎక్కడుందో 14446కి ఫోను చేసి అడగండి, ఖర్చు లేదు. బుప్రెనార్ఫిన్ అనే నాలుక కింద పెట్టే బిళ్ళ కోరికను అణుస్తుంది. నాల్‌ట్రెక్సోన్ వేసుకుంటే ట్రమడాల్ మింగినా మత్తెక్కదు. మీవాడు మానేసి నెల దాటింది గనక రెండోదీ కుదరవచ్చు. మధ్యలో ఆపితే మాత్రం మళ్ళీ అదే గండం. లివరు పరీక్ష చూసి డాక్టరే నిర్ణయిస్తారు. ఒక మత్తుకి ఇంకో మత్తా అని ఎవరైనా అంటే, షుగరు బిళ్ళ ఎన్నాళ్ళు వాడుతున్నారో వాళ్ళనే అడగండి. ఢిల్లీ తీహార్ జైల్లో 2008లోనే బుప్రెనార్ఫిన్ వైద్యం మొదలైంది. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం 2016లో జైళ్ళలోనే ఇలాంటి వైద్యం మొదలుపెడితే, విడుదలైనవాళ్ళలో మోతాదు మించిన చావులు ఏడాది తిరిగేసరికి 61 శాతం తగ్గాయి. మన జిల్లా జైళ్ళకి ఎప్పుడొస్తుందో!

కోర్టు సంగతి ప్లీడరుగారిని అడగండి. కొద్దిపాటి మందుతో పట్టుబడిన అలవాటుపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వెళ్ళి పూర్తిచేస్తే 64ఎ సెక్షను కింద ఆ కేసు ఉండదు. దొంగతనానికి అది వర్తించదు. అయినా వైద్యం కాగితాలు జడ్జిగారి ముందు పెట్టడం మంచిదే. గొలుసులతో కట్టేసే ప్రైవేటు కేంద్రాల్లో మాత్రం చేర్చకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం దాన్ని నిషేధించింది.

ఇక పెళ్ళి. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, వైద్యం మొదలై ఏడాదన్నా గడవనివ్వమనండి. ఆ తరవాతయినా పిల్లవాళ్ళ దగ్గర ఈ సంగతి దాచకండి.